అండమాన్ నికోబార్: ఒక్క ఎ4 షీట్‌లో మొత్తం టాపిక్

అండమాన్ నికోబార్ మీద బిట్ ఏ సబ్జెక్టులోంచి వస్తుందో చెప్పలేం. జాగ్రఫీలో ఒక పేరా, పాలిటీలో కేంద్రపాలిత ప్రాంతాల దగ్గర నాలుగు లైన్లు, సొసైటీలో పీవీటీజీలు (ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు), ఎన్విరాన్‌మెంట్‌లో గ్రేట్ నికోబార్. ఇలా ముక్కలుగా చదివింది ముక్కలుగానే పోతుంది. గ్రూప్-1 రాసినా సివిల్స్ రాసినా, ముందు మ్యాప్ గీసి మిగతాదంతా దాని మీదే రాసుకోండి.

ఎ4 కాగితం నిలువుగా పెట్టి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 6 డిగ్రీల దాకా, డిగ్రీకి 3 సెం.మీ. చొప్పున అడ్డగీతలు గీయండి. మొత్తం 24 సెం.మీ. అవుతుంది. 92 నుంచి 95 దాకా రేఖాంశాలకూ అదే కొలత చాలు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో రెండు డిగ్రీలూ దాదాపు సమానమే, సుమారు 110 కి.మీ. ఇక పైనుంచి కిందికి: మయన్మార్‌కు చెందిన కోకో దీవులు, కోకో ఛానల్, ఉత్తర అండమాన్, మధ్య అండమాన్, బారాటాంగ్, దక్షిణ అండమాన్, డంకన్ పాసేజ్, లిటిల్ అండమాన్, టెన్ డిగ్రీ ఛానల్, కార్ నికోబార్, నాన్‌కౌరీ గుంపు, లిటిల్ నికోబార్, గ్రేట్ నికోబార్. అడుగున సిక్స్ డిగ్రీ ఛానల్, దాని అవతల సుమత్రా.

ఎక్కువమంది తప్పేది డంకన్ పాసేజ్ దగ్గర. లిటిల్ అండమాన్ అన్న పేరు చూసి అది పెద్ద అండమాన్‌కు (ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్‌లకు) ఆనుకుని ఉందనుకుంటారు, లేదా టెన్ డిగ్రీ ఛానల్‌కు కిందికి తోసేస్తారు. మ్యాప్ గీసినవాళ్ళకు ఈ తికమక రాదు. లిటిల్ అండమాన్ పదిన్నర డిగ్రీల దగ్గర ముగుస్తుంది, కార్ నికోబార్ తొమ్మిది దాటాక కనిపిస్తుంది, మధ్యలో కాగితం మీద నాలుగు సెంటీమీటర్ల దాకా ఖాళీ. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2014లో టెన్ డిగ్రీ ఛానల్ వేటిని వేరుచేస్తుందని అడిగారు. 2017లో గ్రేట్ నికోబార్‌కు అతి దగ్గరగా ఉన్నది ఏదన్నారు. జవాబు సుమత్రా, శ్రీలంక కాదు. 2018లో బారెన్ అనే అగ్నిపర్వత దీవి గ్రేట్ నికోబార్‌కు తూర్పున 140 కి.మీ. దూరంలో ఉందని ఒక స్టేట్‌మెంట్ ఇచ్చారు. బారెన్ 12 డిగ్రీలు దాటాక, పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉంటుంది. దూరం సరిగానే ఇచ్చి ఊరు మార్చారన్నమాట. అదే ప్రశ్నలో 1991 తర్వాత ఆ అగ్నిపర్వతం మళ్ళీ రాజుకోలేదనీ రాశారు, అదీ తప్పే.

అయితే దీవులన్నీ అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి కావు. మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణి సముద్రంలోకి కొనసాగితే, దాని పైకి తేలిన శిఖరాలే ఇవి. భారత భూపలక పక్క పలక కిందికి దూరడం వల్ల పుట్టిన అగ్నిపర్వతాలు బారెన్, నార్కోండం మాత్రమే. లక్షద్వీప్ వేరు, అవి పగడపు దీవులు. ఎత్తైన శిఖరం శాడిల్ పీక్ (732 మీ.) ఉత్తర అండమాన్‌లో ఉంది. 2004 సునామీ తెచ్చిన భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిందన్నది కూడా అదే పలక కథలో రాసుకోండి.

తెగలను జాబితాగా బట్టీ పట్టొద్దు, మ్యాప్ మీద పేర్లు దించండి. స్ట్రెయిట్ దీవిలో గ్రేట్ అండమానీలు, లిటిల్ అండమాన్‌లో ఓంగేలు, దక్షిణ, మధ్య అండమాన్ పడమటి అంచున జారవాలు, నార్త్ సెంటినెల్‌లో సెంటినలీలు, గ్రేట్ నికోబార్ అడవుల్లో షోంపెన్లు. ఈ ఐదూ పీవీటీజీలు. ఆరో తెగ నికోబారీలు ఎస్టీలే, ఇక్కడి గిరిజన జనాభాలో అత్యధికులూ వాళ్ళే, కానీ పీవీటీజీ కాదు. పీవీటీజీలు 18 రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నారని 2019 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్కటీ ఇదే. మన కొండరెడ్లు అదే ప్రశ్నలో కనిపించారు. భాషల్లో బెంగాలీ మొదటిది, తర్వాతి వరుసల్లో తమిళం, తెలుగు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడ చాలామంది.

పాలిటీలో మైనస్ మార్కులు ఎక్కువ పడేది ఐదో, ఆరో షెడ్యూళ్ళ దగ్గర. గిరిజనులున్నారు కదా అని ఏదో ఒకటి టిక్ చేస్తారు. రెండూ ఇక్కడ వర్తించవు. రక్షణ 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ నుంచి వస్తుంది. దాని వెనక 240వ అధికరణం ఉంది: రాష్ట్రపతి చేసే రెగ్యులేషన్‌కు పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది, ఆ ప్రాంతానికి వర్తించే పార్లమెంటు చట్టాన్ని సవరించనూ వచ్చు. శాసనసభ లేదు, లెఫ్టినెంట్ గవర్నర్ ఉంటారు. లోక్‌సభ సీటు ఒకటి, అది జనరల్. లక్షద్వీప్ సీటేమో ఎస్టీలకు రిజర్వు. రాజ్యసభ సీటు లేదు. హైకోర్టు కలకత్తాది, మద్రాసు కాదు. శాసనసభ లేదు కాబట్టి ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్ర జీఎస్‌టీ) బదులు యూటీజీఎస్‌టీ (కేంద్రపాలిత ప్రాంత జీఎస్‌టీ).

చరిత్రకు నాలుగు తేదీలు సరిపోతాయి: 1789 బ్లెయిర్ సెటిల్‌మెంట్, 1858 ఖైదీల సెటిల్‌మెంట్, 1906 సెల్యులార్ జైలు పూర్తి, 1943 డిసెంబరు 30 నేతాజీ జెండా. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. పాత ప్రశ్నల కోసం రెండు పేర్లూ రాసుకోండి.

ఆర్థికంలో ఒక్క వైరుధ్యం పట్టుకోండి. నేల 8,249 చ.కి.మీ. మాత్రమే, అందులో 80 శాతానికి పైగా అడవి. సేద్యానికి మిగిలేది కొంచెమే, అందుకే కొబ్బరి, వక్క. కానీ దీవులు విడివిడిగా విస్తరించి ఉండటంతో ప్రతి తీరం నుంచీ 200 నాటికల్ మైళ్ళ లెక్కన దేశ ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్, అంటే వనరుల మీద దేశానికి హక్కున్న సముద్రంలో) దాదాపు 30 శాతం వీటి చుట్టూనే. మెయిన్స్‌లో చేపలు, టూరిజం, 2001లో ఏర్పడిన త్రివిధ దళాల కమాండ్ అన్నీ ఈ వైరుధ్యంలోంచే రావాలి.

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు నాలుగు భాగాలు: గలాథియా బే ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు (ఒక ఓడ నుంచి మరో ఓడకు సరుకు మార్చే రేవు), విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం. విస్తీర్ణం 166 చ.కి.మీ., అందులో మళ్ళించే అడవి సుమారు 130. అనుకూల వాదన మలక్కా జలసంధి పడమటి ముఖద్వారానికి ఉన్న దగ్గరితనం నుంచి, ప్రతికూల వాదన లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం, షోంపెన్ల అడవి, భూకంప మండలం నుంచి రాయండి. ఇక్కడ జారవాల పేరు రాస్తే దిద్దేవారికి మీకు మ్యాప్ తెలియదని అర్థమైపోతుంది.