తాడిపత్రి బండ మీద టెలిస్కోపు

సెప్టెంబర్ 7, 2025

ఆదివారం, సంపూర్ణ చంద్రగ్రహణం. ఆరింటికే భోజనాలు అయిపోయాయి. మిగిలిన పెరుగులో మా ఆవిడ దర్భ వేసింది. రాత్రి 9:57కు పట్టింది, పదకొండు కొట్టేసరికి చంద్రుడు మొత్తం నీడలోకి వెళ్ళిపోయాడు. నేనూ పాపా మిద్దె మీద, మా బావమరిది దగ్గర అడిగి తెచ్చుకున్న 10×50 బైనాక్యులర్‌తో. చింతపండు పెట్టి తోమకముందు రాగి చెంబు ఎలా ఉంటుందో ఆ రంగు. అన్నాళ్ళూ పళ్ళెంలా కనిపించినవాడు ఆ రోజు బంతిలా కనిపించాడు. వెలుగు తగ్గగానే చుట్టూ సన్న చుక్కలు బయటపడ్డాయి.

పాప ఏడో తరగతి. "నాన్నా, శనికి ఉంగరం ఉంటుంది కదా, అది దీంట్లో కనపడదా?" అంది. కనపడదు. ఆ మాటతో మొదలైంది ఖర్చు.

సెప్టెంబర్ 28

చేసిన తప్పు ముందు రాసుకుంటాను. ఎవరినీ అడగకుండా, ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి 4,300 పెట్టి ఒకటి తెప్పించాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు. 20వ తేదీన వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి వారం రోజులు మబ్బు. అనంతపురంలో వాన కావాలంటే కప్పల పెళ్ళి చేయక్కర్లేదు, టెలిస్కోపు కొంటే చాలు.

నిన్నా ఇవాళా కాస్త తెరిపి ఇచ్చింది. చంద్రుణ్ణి పట్టుకోవడానికే పావుగంట. పట్టుకున్నాక ఫోకస్ మర ముట్టుకుంటే చాలు, జాతరలో ఊయల ఎక్కినట్టు ఊగుతాడు. ఊగడం ఆగడానికి ఆరు సెకన్లు, లెక్కపెట్టాను. ఈలోపు మళ్ళీ మర ముట్టుకోవాలి. అల్యూమినియం కాళ్ళు గొడుగు కడ్డీల కంటే కొంచెం లావు, అంతే.

525 ఎలా వచ్చిందో ఆ తర్వాత లెక్క తెలిసింది. నాభ్యంతరం, అంటే ముందు లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 700 మిల్లీమీటర్లు. దాన్ని కన్ను పెట్టేచోట బిగించే 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175. మధ్యలో బార్లో అని, మూడు రెట్లు పెంచే లెన్సు పెడితే 525. లెక్క అబద్ధం కాదు. కానీ ముందున్న లెన్సు వెడల్పు 60 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున 120 దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ వివరం పెరగదు. మా జిరాక్సు షాపులో పాస్‌పోర్టు ఫోటో ఇచ్చి గోడంత ఫ్లెక్సీ కొట్టమన్నట్టే.

ఆ పెట్టెలో ఇంకో వస్తువు ఉంది: ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల గాజు, సూర్యుణ్ణి చూడడానికట. అది ఎవరి పెట్టెలో వచ్చినా చెత్తబుట్టలో వేయండి. లెన్సు పోగుచేసిన ఎండంతా ఆ గాజు దగ్గరే పడుతుంది. వేడికి అది పగిలితే వెనక ఉన్నది మన కన్ను. సూర్యుణ్ణి చూడాలంటే ఫిల్టరు గొట్టానికి ముందు వైపు, మూతిని మొత్తం కప్పేలా ఉండాలి.

పది రోజుల గడువులో ఇది ఎనిమిదో రోజు. తిప్పి పంపేశాను. తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోనని అమ్మినాయన కాసేపు గొడవపడి, 400 కోసుకుని మిగతాది ఇచ్చాడు. ఆ 400 ఫీజు అనుకుంటున్నాను.

అక్టోబర్

నెలంతా మబ్బూ వానా. షాపు మూసి వచ్చాక రాత్రిళ్ళు చదువుకోవడమే పని. బడ్జెట్ 25 వేలు. మా ఆవిడ ఒప్పుకున్నది 20. ఆ తేడా సంగతి తర్వాత.

మొదట్లో నేను వేసుకున్న ప్రశ్న "ఎన్ని రెట్లు చూపిస్తుంది?" ఇప్పుడు ఎవరైనా అదే అడిగితే నవ్వొస్తుంది. అడగాల్సినవి రెండే. వెలుగు పట్టే అద్దం ఎంత వెడల్పు? అది దేని మీద నిలబడుతుంది? 60 మిల్లీమీటర్లతో పోలిస్తే 130 మిల్లీమీటర్ల అద్దం దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. గొట్టం ఎంత గొప్పదైనా కింద కాళ్ళు వణికితే ఆ వెలుగంతా వృథా.

మనసు పడింది ఆరు అంగుళాల డాబ్సోనియన్ మీద. డాబ్సోనియన్ అంటే ఖరీదైన మరలేవీ లేకుండా, ఫిరంగిలా చెక్క పెట్టెలో కూర్చునే అద్దాల టెలిస్కోపు. కిందికీ పైకీ, పక్కకీ చేత్తో తోయడమే. డబ్బులో ఎక్కువ భాగం అద్దానికే పోతుంది, స్టాండుకు కాదు. కానీ ఆరు అంగుళాలది పదిహేను కిలోల పైమాట, ధర కూడా నా అందుబాటులో లేదు. మా మిద్దెకు ఉన్నవి ఇనుప మెట్లు, ఒక మనిషి పట్టే వెడల్పు. రోజూ మోయలేనిది ఎంత మంచిదైనా బీరువా పక్కన దుమ్ము పట్టి కూర్చుంటుంది. అందుకని 130 మిల్లీమీటర్ల చిన్న డాబ్సోనియన్‌కు దిగాను. నాభ్యంతరం 650. బరువు ఆరు కిలోల చిల్లర, ఒక చేత్తో మెట్లెక్కొచ్చు. దీనికి కాళ్ళుండవు, బల్ల మీద పెట్టుకోవాలి. ఆ బల్ల ఏదో తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అసలు కథంతా ఆ బల్లదే అయింది.

ఇంకా నిర్ణయించుకోని వాళ్ళకు నా మాట: ముందు 10×50 బైనాక్యులర్‌తో రెండు నెలలు చూడండి. ఫోన్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ పెట్టుకుని ఏ చుక్క ఎక్కడుందో గుర్తుపట్టడం వస్తే చాలు. అది రాకుండా టెలిస్కోపు కొంటే చీకట్లో గోడ తడుముకున్నట్టే.

నవంబర్ 16

ఆదివారం బెంగళూరు వెళ్ళి చేతికి తీసుకుని వచ్చాను. నాలుగు గంటల ప్రయాణం కదా, కొరియర్‌ను నమ్మేకంటే ఇదే మేలు. అద్దం మీద గీతలు లేవని, గొట్టం ముందుకు లాగినప్పుడు లూజుగా లేదని షాపులోనే చూసుకున్నాను. మొత్తం 23,500. తిరుగు బస్సులో పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి "ఏందన్నా, డోలా?" అన్నాడు. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

నవంబర్ 18, 19

మొదట ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాను. ఊగింది. పాప చదువుకునే బల్ల మీద పెట్టాను. అదీ ఊగింది, కాకపోతే మూడు సెకన్లే. ఇలాకాదని మా అన్న కొడుకును పిలిచి, ఇల్లు కట్టినప్పుడు మిగిలి పెరట్లో పడున్న తాడిపత్రి బండను మిద్దె మీదికి ఎక్కించాం. రెండడుగులకు రెండడుగులు, అంగుళం మందం, పాతిక కిలోలుంటుంది. ఇనుప మెట్ల మీద వాడు పైన, నేను కింద. సగంలో వాడికి తుమ్మొచ్చింది. ఆ క్షణం గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

రెండు వరసలు సిమెంటు ఇటుకలు పేర్చి, పైన బండ పరిచాం. మోకాలి కంటే కాస్త ఎత్తు. కుర్చీలో కూర్చుంటే ఐపీస్ కంటికి సరిగ్గా వస్తుంది. బండ నున్నగా ఉంటుంది కాబట్టి టెలిస్కోపు పాదాలు జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు మూడు కోసి అడుగున పెట్టాను. ఇప్పుడు గొట్టాన్ని వేలితో కొడితే అర సెకనులో నిలబడుతుంది. ఖర్చు సున్నా.

దీని గొట్టం ముందు సగం ఖాళీ, రెండు కడ్డీలే ఉంటాయి. వీధి లైటు వెలుగు నేరుగా లోపలికి పడుతోంది. షాపు నుంచి నల్ల చార్టు తెచ్చి చుట్టూ చుట్టి టేపు వేశాను. ఆ లైటు వైపు దండెం మీద దుప్పటి ఆరేశాను. గొట్టం ఎటు గురిపెట్టిందో ఎర్ర చుక్కతో చూపించే ఫైండర్‌ను పగలే, సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా ఉన్న సెల్ టవర్ కొనకు సరిచేసుకున్నాను. రాత్రి ఆ పని పెట్టుకోవద్దు.

బస్సు కుదుపులకు అద్దం పక్కకు జరిగింది. ఐపీస్ పెట్టేచోట, మధ్యలో చిల్లి పొడిచిన ప్లాస్టిక్ మూత బిగించి లోపలికి చూస్తే పెద్ద అద్దం నడుమ చిన్న ఉంగరం గుర్తు ఉంటుంది. మన చిల్లి ప్రతిబింబం ఆ ఉంగరం మధ్యలో పడాలి. నాకది అంచున ఉంది. వెనక మూడు మరలు, ఒకటి తిప్పితే ఇటు, ఇంకొకటి తిప్పితే అటు. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, టెన్షన్‌తో చెమటలు. ఇప్పుడు రెండు నిమిషాల పని.

నవంబర్ 22

చీకటి పడగానే శని. 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో, అంటే 26 రెట్లకు, పట్టుకుని 10 మిల్లీమీటర్లకు మార్చాను, 65 రెట్లు. పాపను పిలిచాను. చాలాసేపు చూసి, "దబ్బనం గుచ్చిన నిమ్మకాయలా ఉంది" అంది. మొహంలో ఏడుపొక్కటే తక్కువ.

తప్పు టెలిస్కోపుది కాదు, ఏడాదిది. శని అక్షం 27 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు. అందువల్ల సుమారు పదిహేనేళ్ళకోసారి వలయాలు మనకు అంచుకు అంచుగా వస్తాయి. అడ్డంగా లక్షల కిలోమీటర్లు ఉన్నా వాటి మందం చాలాచోట్ల పదుల మీటర్లే కాబట్టి అంచు వైపు నుంచి గీతలా మిగులుతాయి. 2025 మార్చిలో అదే జరిగింది. కాస్త తెరుచుకుని, నవంబర్‌లో మళ్ళీ దాదాపు అంచుకు వచ్చాయి. నేను కొన్నది సరిగ్గా ఇప్పుడే! 2026 నుంచి ఏటేటా తెరుచుకుంటాయి. బాగా తెరుచుకునేసరికి పాప ఇంటర్‌కు వచ్చేస్తుంది, ఆ వయసులో మిద్దె మీదికి వస్తుందో రాదో.

పక్కనే చిన్న చుక్క ఒకటి చూపించాను. టైటాన్, శని ఉపగ్రహం. దానికి కొంచెం శాంతించింది.

బొమ్మ ఉడుకుతున్న పాలలా కదలడానికి కారణం కూడా ఆ రోజే దొరికింది. పగలంతా ఎండ తాగిన మిద్దె, బండ రాత్రి తొమ్మిదింటి దాకా వేడి కక్కుతున్నాయి. ఎండాకాలంలో పడుకునే ముందు చేసినట్టే ఇప్పుడు సాయంత్రం ఆరింటికి రెండు బకెట్లు నీళ్ళు చల్లుతున్నాను. టెలిస్కోపును అరగంట ముందే బయట పెడుతున్నాను. బాగా తేడా ఉంది.

నవంబర్ 28

అష్టమి చంద్రుడు. వెలుగూ చీకటీ కలిసే గీత మీద టాలమీ, అల్ఫాన్సస్, అర్జాకెల్ మూడు గుంటలు వరసగా. అపెనైన్ కొండల నీడలు పొడుగ్గా. పౌర్ణమి నాడు చూడొద్దు, నీడలుండవు, పిండి చల్లినట్టుంటుంది.

డిసెంబర్ 20

శనివారం, అమావాస్య. షాపు తొందరగా మూసి ఉరవకొండ దగ్గర మా ఊరికి వెళ్ళాం. శెనక్కాయ పీకేసిన చేను, గాలి లేదు. టౌన్‌లో నూరు చుక్కలు లెక్కపెట్టలేను, ఇక్కడ ఆకాశంలో ఖాళీ లేదు. ఒకటే చిరాకు, దూరంగా గాలిమరల మీద ఎర్ర లైట్లు. అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి ఆరతాయి. వాటికి వీపు పెట్టి కూర్చున్నాం. ఫోన్ టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టాను. తెల్ల లైటు ఒక్కసారి పడిందంటే కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు.

ఇక్కడ బండ లేదు. అవ్వ వాళ్ళింటి ముందున్న తిరగలి రాయి, దాని పైన చెక్క పలక. సరిపోయింది.

ఆర్ద్ర కిందికి వస్తే మూడు చుక్కలు, వాటి కింద మసకగా ఒక మచ్చ, ఓరియన్ నెబ్యులా అనే వాయు మేఘం. 26 రెట్లకే ఊపిరి వదిలిన పొగలా రెక్కలు చాచి ఉంది. 65 రెట్లకు మధ్యలో నాలుగు చుక్కలు విడివిడిగా వచ్చాయి. రంగులు ఆశించొద్దు. ఫోటోల్లో గులాబీ రంగు కెమెరాకు కనపడేది, మన కంటికి బూడిద రంగే. ఆండ్రోమెడా గెలాక్సీ మసక మరకే, కానీ ఆ వెలుగు బయలుదేరి పాతిక లక్షల ఏళ్ళయింది.

అవ్వకు ఎనభై దాటాయి, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మొదట "నాకెందుకు నాయనా" అంది. కృత్తికల మీద పెట్టి కూర్చోబెట్టాను. రెండు డిగ్రీల మేర కనిపిస్తుంది కాబట్టి గుంపంతా ఒక్కసారే పట్టింది. కన్ను పెట్టి, తీసి, పైకి చూసి, మళ్ళీ పెట్టింది.

"ఇది పిల్లలకోడి కదరా?"

"అవును అవ్వా."

"ఆరో ఏడో అని సూసినా ఇన్నాళ్ళూ. ఇన్ని పిల్లలు యాడ దాచిపెట్టింది ఇది?"

జనవరి 10, 2026

గురుడు ఈ రోజు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, పునర్వసు పక్కన. మనకు సుమారు 63 కోట్ల కిలోమీటర్ల దూరం. కొత్తగా 6 మిల్లీమీటర్ల ఐపీస్ కొన్నాను, 108 రెట్లు. రెండు పట్టీలు శుభ్రంగా, నాలుగు ఉపగ్రహాలు. 1610లో గెలీలియో వీటిని చూడడం మొదలుపెట్టిందీ ఈ వారంలోనే, జనవరి 7న.

పండగ సెలవులు కావడంతో పక్కింటి పిల్లలు, వాళ్ళ వెనకాల పెద్దలు వచ్చారు. 108 రెట్ల దగ్గర భూమి తిరగడం కళ్ళారా తెలుస్తుంది. రెండు నిమిషాల లోపే గురుడు అంచు దాటిపోతాడు. ఒకరు చూసి లేచి, ఇంకొకరు చెప్పులు విప్పి కూర్చునేలోపు ఖాళీ. "ఏమీ లేదే అన్నా!" అని ఆరుగురు అన్నాక 26 రెట్లకు మార్చేశాను. జనం ఉన్నప్పుడు చిన్న రెట్లే సుఖం.

ఫిబ్రవరి 15

శివరాత్రి. జాగారం ఎలాగూ ఉంది, చంద్రుడి అడ్డు లేదు, రాత్రి రెండింటి దాకా మిద్దె మీదే.

లెక్క రాసేస్తున్నాను. టెలిస్కోపు 23,500, ఐపీస్ 2,600, మొదటి దాంట్లో పోయిన 400, చార్టు, టేపు 90. మా ఆవిడకు చెప్పిన లెక్క వేరే, అది ఇక్కడ రాయను.

మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం. సంపూర్ణ దశ మనకు పగలే అయిపోతుంది. పంచాంగంలో రాసే గ్రస్తోదయం ఇదే, పట్టిన చంద్రుడే పైకి వస్తాడు. వచ్చేసరికి ఆరుంపావు దాటుతుంది, 6:47కు విడుపు. ఉన్నది అరగంట కూడా కాదు, అదీ తూర్పున నేలబారుగా. మా మిద్దె మీద నుంచి తూర్పు చూస్తే వెనకింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు. వాళ్ళ మిద్దె మీద పెట్టుకోమని వెనకింటి అన్న ఒప్పుకున్నాడు. కానీ బండ మా మిద్దె మీద ఉంది, అన్న కొడుకు పరీక్షలని బెంగళూరు వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన పాత గ్రైండరు రాయి ఉందంటున్నాడు. రేపు వెళ్ళి ఊగుతుందో లేదో చూడాలి.