డెన్వర్ నుంచి మోయాబ్‌కి గ్యాస్ బండిలో, తిరుగు ప్రయాణం డీజిల్‌లో

మోటర్‌హోమ్ (పడక, వంటగది అన్నీ ఉండే ఇల్లులాంటి బండి) కొందామని మా ఆవిడా నేనూ అనుకున్న రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ, గ్యాస్ ఇంజనా డీజిలా అని (అమెరికాలో పెట్రోల్‌ని గ్యాస్ అంటారు కదా, ఆ గ్యాస్). డీలర్ల దగ్గరికి వెళితే ఎవరి దగ్గర ఏది స్టాక్ ఉంటే అదే గొప్పది. మా బావగారికి డీజిల్ పుషర్ ఉంది, ఇంజన్ వెనక ఉండే రకం. అందుకని మేం ఒక గ్యాస్ బండి అద్దెకు తీసుకుని, రెండు కుటుంబాలం కలిసి ఆర్చెస్ నేషనల్ పార్క్ చూడ్డానికి డెన్వర్ నుంచి యూటా రాష్ట్రంలోని మోయాబ్ బయల్దేరాం. వచ్చేటప్పుడు బళ్లు మార్చుకోవాలన్నది ప్లాన్, అద్దె కాగితాల్లో బావ పేరు కూడా రాయించాను.

ఐ-70 హైవే మీద డెన్వర్ దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. ఊరు 5,280 అడుగుల ఎత్తులో ఉంటే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 దాటి ఉంటుంది. మాది ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8, కాగితం మీద 350 హార్స్‌పవర్. కానీ టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం పవర్ తగ్గుతుంది, ఇక ఆ టన్నెల్ దగ్గర మూడో వంతు గాల్లో కలిసిపోయినట్టే. జార్జ్‌టౌన్ దాటాక బండి గేర్లు దించుకుంటూ 40 మైళ్ల స్పీడుకి వచ్చేసింది, ఇంజనేమో డ్రైవర్‌కీ పక్క సీటుకీ మధ్యలోనే ఉంటుంది కాబట్టి దాని అరుపుకి మా ఆవిడ చెప్పేది ఒక్క ముక్క వినపడలేదు (ఇది లాభమో నష్టమో రాయను). ఆవిడ కాళ్లకి వేడి కూడా తగిలింది. అయినా కుడి లేన్‌లో ఫ్లాషర్లు వేసుకుని లారీల వెనక నెమ్మదిగా ఎక్కేశాం, పెద్ద కష్టమేం కాలేదు.

నాకు చెమట పట్టించింది దిగుడు. టన్నెల్ దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగేటప్పుడు 7 శాతం వాలు, బ్రేకులు ఫెయిలైన లారీల కోసం పక్కన ఇసుక, కంకర పోసిన ర్యాంపులు కనిపిస్తుంటాయి, అవి చూస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. టో-హాల్ బటన్ నొక్కితే బండి తనే చిన్న గేర్‌లోకి వెళ్లి ఆపుతుంది, నిజమే, కానీ మధ్యమధ్యలో బ్రేక్ తొక్కక తప్పలేదు. కింద ఆపేసరికి కాలిన వాసన.

గ్లెన్‌వుడ్ కాన్యన్, గ్రాండ్ జంక్షన్ హాయిగా గడిచిపోయాయి. మోయాబ్‌లో ఎర్రరాళ్ల గురించి అందరూ రాస్తారు, నేను క్యాంప్‌గ్రౌండ్ సంగతి చెప్తాను. తెల్లారుజామున బావ ఇంజన్ స్టార్ట్ చేస్తే ఎయిర్ బ్రేకుల ట్యాంకుల్లో గాలి నిండేదాకా బండి కదలదు. వెనక బెడ్‌రూమ్ కిందే ఇంజన్, అక్క లేచి కూర్చుంది, పక్క బండివాళ్లు తలుపు తీసి చూశారు. మేం అప్పటికి టీ తాగేసి రెడీ.

తిరుగు ప్రయాణంలో గ్రాండ్ జంక్షన్ దగ్గర తాళాలు మార్చుకున్నాం. బావ బండిలో 6.7 లీటర్ల కమిన్స్, 360 హార్స్‌పవర్. హార్స్‌పవర్‌లో తేడా దాదాపు లేనట్టే, కానీ టార్క్ (తిప్పే బలం) 800 పౌండ్-ఫీట్, మా వీ8కి 468. పైగా టర్బో. వెయిల్ పాస్ అనే కనుమ దారి ఎక్కుతుంటే ఇంజన్ ఎక్కడో వెనక గదిలో గొణుగుతున్నట్టుంది తప్ప కబుర్లు ఆగలేదు. దిగేటప్పుడు అలవాటుగా బ్రేక్ మీద కాలు పెట్టాను, వెంటనే పక్కనున్న బావ (అద్దె కాగితాల్లో అక్క పేరు లేదు, అందుకే ఆ బండి కాసేపు మా ఆవిడ నడిపింది) “కాలు తియ్యి, ఆ స్విచ్ వెయ్యి” అన్నాడు. ఎగ్జాస్ట్ బ్రేక్, అంటే ఇంజన్ పొగ బయటికి పోకుండా అడ్డుకుని బండి వేగం తగ్గించేది. ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు బండి అదే స్పీడులో దిగింది.

“చూశావా, ఇంకేం ఆలోచిస్తావ్?” అన్నాడు.

“బావా, మీరు రిటైరయ్యారు, ఏడాదికి నాలుగు నెలలు రోడ్డు మీదే ఉంటారు. మాకు సెలవులెక్కడివి?” అన్నాను.

ఆ రాత్రి లెక్క వేశాను. ఏడాదికి 5,000 మైళ్లు, గ్యాస్ బండి గ్యాలన్‌కి 7 మైళ్లు, డీజిల్ 9 అనుకుందాం. గ్యాస్ 3.20 డాలర్లు, డీజిల్ 3.80 వేసుకుంటే ఏడాదికి మిగిలేది 175 డాలర్లు. మేం చూసిన సెకండ్‌హ్యాండ్ బళ్లలో రెండిటి మధ్య ధర తేడా 60 వేల డాలర్లు! దానికితోడు డీజిల్‌కి ఆయిల్ దాదాపు రెట్టింపు పడుతుంది, డెఫ్ ద్రవం (పొగలోని కాలుష్యం తగ్గించే యూరియా నీళ్లు) పోస్తూ ఉండాలి, ఆ సిస్టమ్‌లో సెన్సర్ పాడైతే కంప్యూటర్ చివరికి బండిని గంటకు 5 మైళ్లకి కట్టేయొచ్చు. 2021లో ఆ సెన్సర్లు దొరక్క చాలామంది డీజిల్ మోటర్‌హోములు కదల్లేక నిలబడిపోయాయి. నెలల తరబడి కదపకుండా ఉంచడం కూడా దానికి మంచిది కాదు, మా బండి ఉండబోయేది అలాగే. మైలేజీ కోసం డీజిల్ కొంటున్నాం అనేవాళ్ల మాట నేను నమ్మను, వాళ్లు కొనేది ఆ దిగుడులోని నిశ్చింత, దానికి ఆ ధర పెట్టగలిగితే పెట్టొచ్చు.

మేం 32 అడుగులు మించని గ్యాస్ బండి కోసం చూస్తున్నాం, 2021 తర్వాతది, ఆ 7.3 ఇంజన్‌తోనే. ఓడోమీటర్ కంటే ముందు టైరు మీద అది తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెల తేదీ చూస్తున్నాను, ఎందుకంటే ఈ బళ్ల టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. వాలు రోడ్ల మీద టెస్ట్ డ్రైవ్‌కి ఒప్పుకోని వాళ్ల దగ్గర మాత్రం కొనం.