తియ్యటి నీళ్లు

ఐస్ ముక్క గ్లాసులో వేయగానే బుడుంగున మునిగిపోయింది! వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూశా. మామూలు ఐస్ పైన తేలుతోంది, ఇదేమో అడుక్కి చేరి బుద్ధిగా కూర్చుంది.

భారజలం అట. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం, అంటే దాని బరువైన రూపం. మామూలు నీళ్ల కంటే బరువు 11 శాతం ఎక్కువ. సరే, బరువు కదా, మునుగుతుంది. అక్కడితో వదిలేసేదాన్నే. కానీ ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని తెలిశాక ఇంకో పని సాగలేదు. 2021లో పరీక్షించి మరీ తేల్చారు. నాలుక మీద చక్కెరను పసిగట్టే గ్రాహకమే దీన్నీ పట్టేస్తుంది. ఎలుకలకు మాత్రం ఆ తీపి తగల్లేదు, పాపం.

హైడ్రోజన్ మరీ తేలిక. క్వాంటం లెక్క ప్రకారం ఎంత చల్లబరిచినా దానికి కుదురుండదు. రెట్టింపు బరువున్న డ్యుటీరియం ఊగడం తక్కువ, అందుకే నీటి అణువుల మధ్య పట్టు కాస్త బిగుస్తుంది. భారజలం 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకట్టేస్తుంది. మన ప్రొటీన్లు మడత పడేదీ అలాంటి బంధాలతోనే, ఆ తీపి గ్రాహకమూ ప్రొటీనే. అంటే అంత చిన్న వణుకులో తేడా నాలుకకి తెలిసిపోతోంది కాబోలు!

ఒంట్లో నీళ్లు సగం దాకా ఇలా మారితే క్షీరదాలు బతకవు. కొన్ని బ్యాక్టీరియాలైతే పూర్తి భారజలానికీ అలవాటు పడిపోతాయి. మొండి ఘటాలు.

‘క్వాంటం వాటర్’ అంటూ సీసాలు అమ్మేవాళ్లని నేనైతే నమ్మను. ఇది వేరు.

ఒక్క చుక్క రుచి చూడాలనుంది. చుక్కకేం కాదులెండి.