బెంచీల బజారు

నా వ్యాపారం ఎలా పెరిగిందో మన బడి పాత విద్యార్థుల సంచికకి రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి లెక్కల మాస్టారి దగ్గరికే వెళ్తున్నాను, కాబట్టి ఆయన గురించే రాస్తాను.

తొమ్మిదో తరగతి, లాభనష్టాల పాఠం. పుస్తకం మూయించేసి, క్లాసునే బజారు చేసేశారు గుర్తుందా? ఒక్కో బెంచీకి నూరు చీటీలు పెట్టుబడి. సరుకు ఆయన టేబుల్ దగ్గర కొనాలి, మిగతా బెంచీలకి అమ్మాలి, చివరి గంట కొట్టేలోపు చిట్టా చూపించాలి. మా బెంచీలో కెప్టెన్ ఉన్నాడు కదా, ధర దించేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు. నూటికి నలభై వేసుకుని అమ్మాం. ఆడపిల్లల మొదటి బెంచీ వాళ్ళు నూటికి పదే వేశారు. వారం తిరిగేసరికి మా సరుకు అమ్ముడై పెట్టుబడి రెండుసార్లు తిరిగి చేతికొచ్చి, ఎనభై లాభం వచ్చింది. వాళ్ళది పన్నెండుసార్లు తిరిగింది, లాభం నూట ఇరవై! మాస్టారు ఆ రెండు లెక్కలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తుడవద్దని మానిటర్‌కి చెప్పి వెళ్ళిపోయారు. సోషల్ సారు వచ్చి బోర్డులో మిగిలిన మూలనే పాఠం చెప్పుకున్నారు పాపం.

బుల్లెట్ గాడి బెంచీ ఇంకో కథ. అడిగిన వాళ్ళకల్లా అరువిచ్చాడు. చిట్టా చూస్తే క్లాసు మొత్తంలో వాడిదే ఎక్కువ లాభం. మర్నాడు సరుకు కొందామంటే చేతిలో ఒక్క చీటీ లేదు. "లాభం వచ్చింది సార్" అంటాడు వాడు. "అయితే కొను" అంటారు మాస్టారు. ఆ వాదన తేలేసరికి ఆటల పీరియడ్ కూడా అయిపోయింది.

ఆఖరి రోజు ఒకే ఒక్క ప్రశ్న. నూటికి కొన్నారు, పాతిక కలిపి నూట పాతిక ధర పెట్టారు, ఇరవై శాతం తగ్గించి అమ్మారు. మిగిలిందెంత? అయిదని క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది. నూట పాతికలో ఇరవై శాతమంటే పాతిక అని ఆయన రాసి చూపించేదాకా మనకి తట్టలేదు. కలిపేటప్పుడు కొన్న ధర మీద లెక్క, తగ్గించేటప్పుడు మనం పెట్టిన ధర మీద లెక్క. నాకు తెలిసిన ఎన్నో దుకాణాలు మూతపడింది ఈ తేడా దగ్గరే.

పదో తరగతి, కాలేజీ దాటి నేరుగా నాన్నగారి దుకాణానికి వచ్చేస్తున్నాను. అరల్లో కదలని సరుకు, ఖాతా పుస్తకంలో రావలసిన బాకీలు కనపడగానే నాకు క్లాసే గుర్తొచ్చింది. లాభం శాతం బాగానే ఉంది, డబ్బు మాత్రం అరల్లోనూ అరువుల్లోనూ ఇరుక్కుపోయింది. కదలని సరుకుని కొన్న ధరకే ఇచ్చేశాం. అరువుకి గడువు పెట్టాం. కొత్త పెట్టుబడి ఒక్కపైసా లేకుండా దుకాణం కళ తిరిగింది.

అసలు కష్టం ఇంట్లో ఎదురైంది. గల్లాపెట్టెలోంచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవడం మాకు అలవాటు. ఇంటి ఖర్చేదో దుకాణం ఖర్చేదో తెలియనప్పుడు లాభం ఎవరు చెప్పగలరు? అందరికీ నెల జీతాలు రాయాలన్నాను, నాన్నగారితో సహా. నేను పెట్టిన దుకాణంలో నాకు జీతమా అని ఆయన చాలా బాధపడ్డారు. అన్నయ్య నా పక్షాన నిలబడకపోతే ఆ పని అయ్యేది కాదు. మొదటి జీతం కవరు మాత్రం నాన్నగారు చివరిదాకా దాచుకున్నారు.

ఆ తర్వాతే రెండో దుకాణం గురించి మాట్లాడుకున్నాం. మేమెవ్వరం లేని రోజున కూడా మొదటి దుకాణం సక్రమంగా నడవాలి, అప్పుడే రెండోది అనుకున్నాం. ఉన్న సరుకుకి కొన్నది కలిపి, మిగిలింది తీసేస్తే పోయిందెంతో తెలుస్తుంది. అది అమ్మకాలతో సరిపోవాలి. ఎంతో నమ్మకస్తులున్న చోట కూడా ఈ లెక్క మానకూడదని నా గట్టి అభిప్రాయం. నిందపడకుండా వాళ్ళని కాపాడేది ఆ లెక్కే.

కౌంటర్ తీసేసి సరుకు జనం చేతికందేలా పెట్టినప్పుడు దొంగతనాల గురించి ఇంట్లో అందరికీ టెన్షనే. క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి 1916లోనే అమెరికాలోని మెంఫిస్‌లో అలాంటి దుకాణం తెరిచాడని చెప్పి ఒప్పించాను. బార్‌కోడ్ పెట్టిన రోజున మాస్టారిని చూడ్డానికి వెళ్ళాను. 1974 జూన్ 26న అమెరికాలో ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ పొట్లంతో ఈ పద్ధతి మొదలైందనీ, ఇప్పుడు మా దుకాణంలోకీ వచ్చిందనీ ఉత్సాహంగా చెప్పాను. ఆయన అంతా విని, "అమ్మినదాన్ని యంత్రం చెబుతుంది, బాగుంది. అడిగి, లేదనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళ లెక్క ఎవరు రాస్తున్నార్రా?" అన్నారు.

ఎవరూ రాయడం లేదు. మర్నాటి నుంచి ప్రతి బిల్లు కౌంటర్ దగ్గరా ఒక నోటు పుస్తకం పెట్టించాను. మా వాళ్ళు దాన్ని లేదు పుస్తకం అంటారు. మూడో దుకాణం ఎక్కడ పెట్టాలో, అందులో ఏం అమ్మాలో ఆ పుస్తకమే చెప్పింది. నాలుగోదానికీ అదే ఆధారం. మాస్టారు పోయే ముందు ఆ దుకాణానికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా అరలన్నీ చూసి, చివర్లో లేదు పుస్తకం అడిగి తెప్పించుకుని చదివారు. వ్యాపారంలో నాకు దక్కిన గౌరవాల్లో దానికన్నా పెద్దది లేదు.

ఇప్పుడు కొనుగోళ్ళన్నీ మా అమ్మాయే చూస్తోంది. మొన్న ఒక కంపెనీ ఏజెంటు వచ్చి, పది కొంటే ఒకటి ఉచితం, అంటే పది శాతం తగ్గింపు మేడమ్ అన్నాడు. "పదకొండులో ఒకటి కదండీ, తొమ్మిది శాతం చిల్లరే" అంది మా అమ్మాయి కాగితం మీంచి తల ఎత్తకుండానే. ఇంత చురుగ్గా లెక్క ఎవరు నేర్పారమ్మా అని అడిగాడతను.

"మా నాన్నగారి మాస్టారు" అంది.