స్థిరంగా, సుఖంగా

ఈ ఉదయం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగే యోగా తరగతిలో కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం వేస్తుండగా, ఈ మధ్యే చేరిన ఒక ఇంజనీరింగ్ కుర్రవాడు, నుదురు మోకాళ్లకు ఆనకపోతే ఆసనం వేసినట్టేనా అని అడిగాడు. మాస్టారు సమాధానం చెప్పకుండా అతని నడుము మీద చేయి ఉంచి, "ముందు ఊపిరి వదులు నాయనా, బిగబట్టి ఉన్నావు" అన్నారు. అతను ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి, వీపు కొద్దిగా కిందికి జారింది, నుదురు మాత్రం మోకాళ్లకు జానెడు దూరంలోనే ఉండిపోయింది. మాస్టారు తృప్తిగా తలూపి పక్క వరుసకు వెళ్లిపోయారు. యోగా అనగానే ఫోన్లో చూసిన ఏదో ఒక భంగిమ కళ్ల ముందు మెదిలే ఈ కాలంలో ఆ ప్రశ్న మనలో చాలామందిదే కనుక, రోజంతా అది నా మనసులో తిరుగుతూనే ఉంది.

పతంజలి యోగసూత్రాలు 195 (కొందరి లెక్కలో 196). వాటిలో ఆసనాన్ని గురించి నేరుగా చెప్పేవి రెండవ పాదంలో, అంటే రెండవ అధ్యాయంలో, 46 నుంచి 48 వరకు ఉన్న మూడు సూత్రాలే, ఆ మూడింటిలోనూ ఒక్క ఆసనం పేరైనా లేదు. స్థిరంగానూ సుఖంగానూ ఉండేది ఆసనమని మొదటి సూత్రం చెబుతుంది. ప్రయత్నాన్ని సడలించడం వల్ల, మనసును అనంతంలో నిలపడం వల్ల అది సిద్ధిస్తుందని రెండవది, అప్పుడు శీతోష్ణాల వంటి ద్వంద్వాలు మనిషిని దెబ్బతీయలేవని మూడవది చెబుతాయి. నేను ఎప్పుడు చదివినా రెండవదాని దగ్గర ఆగిపోతాను. ఏ కసరత్తులోనైనా ఇంకాస్త బలం పెట్టమనే అంటారు కానీ, ఇక్కడ మాత్రం పెట్టిన బలాన్ని వదిలేయడమే సిద్ధికి దారి అంటున్నారు. కండరాల పట్టు విడిచినా ఒరిగిపోకుండా శరీరం తనంతట తాను నిలిచే స్థితికి చేరేవరకు మనం పడే పాటంతా అభ్యాసమని, చేరిన తర్వాత మిగిలేదే ఆసనమని నేను అర్థం చేసుకున్నాను. ఆ వెంటనే వచ్చే 49వ సూత్రం, ఆసనం కుదిరిన మీదట శ్వాస ప్రశ్వాసల గతిని ఆపడం ప్రాణాయామమంటూ మొదలవుతుంది. యోగానికి పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో మూడవదైన ఆసనం నాలుగవదైన ప్రాణాయామానికి ఇలా చోటు సిద్ధం చేసి పెడుతోంది. గీత ఆరవ అధ్యాయంలో కృష్ణుడు చెప్పేదీ ఇదే తీరులో ఉంటుంది. శుచియైన చోట, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా, దర్భలు, జింకచర్మం, వస్త్రం పరచుకుని, శరీరాన్నీ మెడనూ తలనూ తిన్నగా నిలిపి కూర్చోమంటాడే తప్ప, ఒంటిని వంచే మాట అక్కడెక్కడా ఎత్తడు.

అలాగని వంగడాలూ మెలితిరగడాలూ వృథా అని నేననను. 15వ శతాబ్దానికి చెందిన స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో ఆసనానికే మొదటి స్థానమిచ్చి, దానివల్ల స్థైర్యం, ఆరోగ్యం, అవయవాలకు తేలికదనం కలుగుతాయన్నాడు. ఆయన వర్ణించిన ఆసనాలు 15. మయూరాసనం, ధనురాసనం వంటి కష్టమైనవి వాటిలో ఉన్నాయి గానీ ఎక్కువ భాగం కూర్చుని వేసేవే, ఇవాళ దాదాపు ప్రతి తరగతిలోనూ వేయించే, నిలబడి పక్కకు వంగే త్రికోణాసనం వాటిలో లేదు. నిలబడి వేసే ఆసనాలకూ, ఊపిరితో పాటు ఒకదానిలో నుంచి మరొకదానిలోకి సాగే వరుసలకూ ఇప్పుడున్న ప్రచారం చాలావరకు 1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య నేర్పిన పద్ధతి నుంచీ, ఆయన శిష్యుల నుంచీ వచ్చినదే. కొత్తదైనంత మాత్రాన అది తక్కువదేమీ కాదు. తుంటి కీళ్లూ తొడల వెనుక కండరాలూ బిగుసుకుపోయినవాడు పట్టుమని పది నిమిషాలు కదలకుండా కూర్చోలేడు, కూర్చోలేనివాడికి ధ్యానం కుదరదు. ఆ బిగువును సడలించడానికి త్రికోణాసనం పనికొస్తే అది యోగంలో భాగమేనని నా నమ్మకం.

మన వేమన ఈ విషయంలో నిర్మొహమాటంగా మాట్లాడాడు. ఆసనాలు పన్ని, అంగాలు బిగించి, ఒళ్లు విరుచుకునే యోగమంతా జెట్టిసాము, అంటే మల్లయోధుడి కసరత్తు, కన్న చింతాకు తక్కువేనన్నాడు. దీన్ని యోగనిందగా చెప్పేవారున్నారు కానీ నాకలా తోచదు. ఒళ్లు విరుచుకోవడం దగ్గరే ఆగిపోయినదాన్నే ఆయన తూకం వేశాడు. జెట్టి చేసే సాముకు గోదాలోనైనా ఫలితముంటుంది, మనసు కుదురుకోని ఆసనానికి అదీ లేదు.

సాయంత్రం ఈ ఆలోచనంతా అమ్మ దగ్గరికి వచ్చి చేరింది. నేను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేటప్పుడు ఒక దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకుంటాను. మోకాళ్లు తుంటి కన్నా పైకి లేచి ఉంటే కటి వెనక్కి వాలిపోయి నడుము గూనిగా వంగుతుంది, దాన్ని నిలబెట్టడానికి వీపు కండరాలు ఎడతెగకుండా శ్రమిస్తూనే ఉంటాయి. కూర్చునే చోటు నాలుగు వేళ్లు ఎత్తు పెరిగితే మోకాళ్లు కిందికి దిగి, వెన్ను ఎవరూ పట్టుకోకుండానే లేచి నిలుస్తుంది. అమ్మకు మోకాళ్ల నొప్పుల వల్ల నేల మీద కూర్చునే వీలే లేదు. దేవుడి గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటుంది, అయితే పొట్టి మనిషి కావడంతో పాదాలు నేలకు ఆనక, ఒంటి బరువంతా తొడల మీద పడి, చదువుతున్నంతసేపూ అటూ ఇటూ సర్దుకుంటూనే ఉంటుంది. ఇవాళ ఆమె పాదాల కింద పాత చెక్కపీట పెట్టి, చుట్టిన టవల్ నడుముకూ కుర్చీకీ మధ్య దూర్చాను. ఫలశ్రుతి దాకా చదివి పుస్తకం మూసి, "ఇవాళ మధ్యలో ఎక్కడా నడుము గుర్తుకు రాలేదురా" అంది.

ఆ మాట విన్నాక యోగసూత్రాలకు వ్యాసభాష్యం తీసి మళ్లీ చూశాను. పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, దండాసనం అంటూ సాగే ఆసనాల పట్టికలో సోపాశ్రయం కూడా ఉంది. ఆధారాన్ని ఆసరా చేసుకుని కూర్చునేది అది. దాన్ని అశక్తులకు ఇచ్చిన మినహాయింపుగా భాష్యకారుడు విడదీయలేదు, పద్మాసనంతో సమానంగా అదే వరుసలో చెప్పాడు. పూర్వం మోకాళ్లనూ నడుమునూ కలిపి చుట్టుకునే యోగపట్టం అలాంటి ఆధారమే. అమ్మ కుర్చీ, పీట, టవల్ ఆ వరుసలో చేరవనడానికి నాకు కారణం కనిపించలేదు. పీట మాత్రం ఒక కోడు అరిగి కదులుతోంది. అదే ఎత్తులో, పాదాలు రెండూ వెడల్పుగా పట్టేటట్టు వడ్రంగి చేత ఒకటి చేయించాలి.