50 కిలోల బస్తా 53 తూగింది

శ్రావణం. గురువారం రాత్రి, పదిన్నర.

రేపు వరలక్ష్మీ వ్రతం. ఇల్లంతా నానిన శనగల వాసన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. పొద్దుటి నుంచి రాద్దామనుకుంటున్నది ఇప్పటికి కుదిరింది.

పొద్దున్న కొట్టు తీసి వెనక గదిలోకి వెళ్తే సున్నం బస్తాల్లో ఒకదాని కుట్టు విచ్చుకుని ఉంది. ఎవరూ చించలేదు, ఎలక కొరకలేదు. లోపల సున్నం ఉబ్బి తనకు తానే దారం తెంపుకుంది. మూడు వారాలుగా ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో గోడ ఆరింది లేదు. పాతపట్నం నుంచి వచ్చే ఆటోవాళ్ళు రోజూ మహేంద్రతనయ ఏటి నీటి కబురు మోసుకొస్తున్నారు. బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా పేర్చిన బస్తాలకే ఈ గతి పట్టింది. ఎంత తేమ తాగిందో చూద్దామని కాటా మీద పెట్టాను. 53 కిలోలు. కొన్నప్పుడు 50.

మా నాన్నయితే కాటా దాకా పోయేవాడు కాదు. ఒక గడ్డ తీసి చెంబుడు నీళ్ళలో వేసేవాడు. బుసబుసలాడుతూ పొంగి, చెంబు పట్టుకోలేనంత వేడెక్కితే సున్నం బతికున్నట్టు. నీళ్ళ అడుగున మూగగా కూర్చుంటే చచ్చినట్టు. "చచ్చిన సున్నానికి బరువెక్కువరా" అనేవాడు. అప్పటికి నేను బి.ఎస్సీ. చదువుతున్నాను. పొడిసున్నం, తడిసున్నం అని పరీక్షలో సమీకరణాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. బతికున్నది పొడిసున్నం, చచ్చింది తడిసున్నం, ఆ రెండూ మా వెనక గదిలోనే ఉన్నాయని మాత్రం తట్టలేదు. నాన్న మాటని సామెతలా విని ఊరుకున్నాను.

కొట్లో కూర్చున్న రెండో ఏడు కాబోలు, ఒక బట్టీ ఆసామి చవకగా ఇస్తానని పాతిక బస్తాలు దింపాడు. బరువు పక్కా. వాడేవాళ్ళే తిట్టిపోశారు: నీళ్ళలో వేస్తే ఉలకదు, పలకదు, గోడ మీద పొడి రాలుతుంది. ముందే నీళ్ళు చిలకరించి తూచాడన్నమాట. ఆ రాత్రి కోపంతో కాగితం తీసి మొదటిసారి లెక్క కట్టాను. పొడిసున్నం 56 పాళ్ళు, నీళ్ళు 18 పాళ్ళు కలిస్తే తడిసున్నం 74 పాళ్ళు. బస్తా పూర్తిగా చచ్చి ఉంటే, 50 కిలోల్లో 18/74 వంతు, అంటే 12 కిలోల పైచిలుకు నీళ్ళే. బస్తాకి 12 కిలోల నీళ్ళు సున్నం ధరకి కొన్నాను. డిగ్రీలో మూడేళ్ళు బట్టీపట్టినా ఎక్కని స్టాయికియోమెట్రీ, అంటే ఏది ఎంత కలిస్తే ఏది ఎంత వస్తుందనే లెక్క, జేబుకి చిల్లు పడ్డాక ఒక్క రాత్రిలో ఎక్కింది.

పగలంతా బేరాల్లేవు. వానాకాలంలో సున్నం ఎవరు కొంటారు? రెండు తాళాలు, ఒక పైపు బెండు, అరకిలో మేకులు. అంతే.

సాయంత్రం బుజ్జి వచ్చింది, మా అక్క కూతురు. ఈ ఏడే ప్లస్ టూలో చేరింది. పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు సైన్సంతా ఇంగ్లీషు. లెక్క ఒడియాలో గొణుక్కుంటుంది, ఇంగ్లీషులో రాస్తుంది, తెలుగులో ఏడుస్తుంది. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇవాళ ఉంటే ఈ పిల్ల నోటుబుక్కు చూసి ఏమనేవారో!

"మావయ్యా, మోల్ అంటే ఏటి? డిక్షనరీలో పుట్టుమచ్చ అనుంది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. సూత్రం అప్పచెప్పమంటే గడగడా చెప్పింది: బరువుని అణుభారంతో భాగిస్తే మోల్స్. ఎందుకు భాగించాలే అంటే మాట లేదు. నా చదువూ అచ్చం అలాంటిదే.

మధ్యాహ్నం మేకులు కొన్న మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన అడిగింది రెండొందల మేకులు. నేను లెక్కపెట్టానా? యాభై ఏరి తూచాను, దానికి నాలుగింతలు తూచి పొట్లం కట్టాను. ఒక్కో మేకు ఎంత తూగుతుందో తెలిస్తే కాటాయే లెక్కపెట్టి పెడుతుంది. పరమాణువులకీ ఇదే పద్ధతి, ఏరడానికి కంటికి ఆనవు, అంతే తేడా. భాగించడమంటే పొట్లం బరువు చూసి మేకుల సంఖ్య చెప్పడం.

"మరి ఒక మోల్ అంటే 6.022 ఇంటూ పది పవర్ 23 ఎందుకు? గుండ్రంగా పది పవర్ 23 అనుకోవచ్చు కదా?"

మంచి ప్రశ్న. నేను ఎవర్నీ అడగలేదు దీన్ని. మా అమ్మ పక్కనే తమలపాకులు తుడుస్తోంది. సంతలో ఒడియా ముసలమ్మ దగ్గర కొన్న ఆకులు, గండాల్లో లెక్కపెట్టి ఇచ్చినవి. గండా అంటే నాలుగు, మన పుంజీ. ఇరవై గండాలు ఒక పణం, ఎనభై. పదహారు పణాలు ఒక కహణం, 1280. ఎనభై దగ్గరే ఎందుకు ఆగారంటే బేరానికి అది వీలు. మోల్ కూడా పణం లాంటి పేరే, ఒక లెక్క పేరు. కాకపోతే 6022 రాసి పక్కన ఇరవై సున్నాలు పెట్టేంత పణం. ఆ సంఖ్య పట్టుకొచ్చిన వీలు ఏమిటంటే, పరమాణు భారాల పట్టికలో కార్బన్ 12 అని ఉంటే 12 గ్రాములు తూస్తే చాలు, మోల్ వచ్చేస్తుంది. ఆక్సిజన్ పరమాణువులైతే 16 గ్రాములు. నీళ్ళు 18 గ్రాములు: పూజ ఉద్ధరిణితో మూడు నాలుగు సార్లు తీస్తే అంత. పట్టికలో అంకె పక్కన గ్రాములు అని రాసుకుంటే లెక్క కుదిరేలా ఎన్ని కావాలో, అన్నీ ఒక మోల్. గుండ్రంగా ఉండే సంఖ్య పెట్టుకుంటే ఈ సుఖం పోతుంది. 2019 నుంచైతే ఆ సంఖ్యనే ఖాయం చేసేశారు: 6.02214076 ఇంటూ పది పవర్ 23, కచ్చితంగా అంతే.

"ఈ సంఖ్యని అవొగాడ్రో సంఖ్య అంటారు కదా, అవొగాడ్రో ఇదంతా ఎలా లెక్కపెట్టాడు?"

లెక్కపెట్టలేదు. ఒకే వేడి, ఒకే ఒత్తిడి దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో అన్నాడు, అంతవరకే. 1856లో పోయాడు, ఆ సంఖ్య ఎంతో తెలియకుండానే. దానికి ఆయన పేరు పెట్టింది పెరిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, 1909లో. అసలు ఆయన మాటని కెమిస్టులు చెవిన పెట్టిందే 1860లో కార్ల్స్‌రూహెలో జరిగిన కెమిస్టుల సభలో కనిజారో అనే ఇటలీ కెమిస్టు మళ్ళీ ఎత్తాక. సుమారు యాభై ఏళ్ళు అంతంత పండితులకి బుర్రకెక్కనిది నీకు వారంలో ఎక్కలేదని ఏడుస్తావేటే అన్నాను. ముక్కు తుడుచుకుంది.

తర్వాత లెక్క. పది గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ని కాలిస్తే ఎంత సున్నం, ఎంత వాయువు? కార్బొనేట్ మోల్ 100 గ్రాములు, కాబట్టి ఇది పదో వంతు మోల్. సున్నం 5.6 గ్రాములు, కార్బన్ డయాక్సైడ్ 4.4 గ్రాములు. ఇది చకచకా చేసింది. వాయువు ఘనపరిమాణం 2.24 లీటర్లు అని రాసింది, పుస్తకం వెనక జవాబు 2.27. మళ్ళీ కళ్ళనీళ్ళు. తప్పు పిల్లది కాదు. ట్యూషన్ మాస్టారు పాత లెక్క చెప్పారు, మోల్ వాయువుకి 22.4 లీటర్లని. నేను చదివిందీ అదే. అది ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి దగ్గర. 1982లో ప్రమాణాన్ని ఒక బార్‌కి మార్చారు, బార్ అంటే రవ్వంత తక్కువ ఒత్తిడి, అందుకని వాయువు రవ్వంత ఎక్కువ చోటు తీసుకుని 22.7 అవుతుంది. వేడి రెండిట్లోనూ సున్నా డిగ్రీలే. శేరుతో కొలిచి కిలోల జవాబుతో పోల్చుకున్నట్టుంది దీని వ్యవహారం. ఏ ఒత్తిడో ప్రశ్నలోనే రాస్తే ఈ ఏడుపు ఉండేది కాదు.

అసలు ముడి తర్వాతి లెక్కలో ఉంది. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఎన్ని గ్రాముల నీళ్ళు? బుజ్జి ఏం చేసిందంటే: సమీకరణంలో హైడ్రోజన్ ముందు 2 ఉంది, ఆక్సిజన్‌కి 1, కాబట్టి రెండు గ్రాములకి ఒక గ్రాము. నాలుగుకి రెండు చాలు, ఆక్సిజన్ పదహారు ఉంది, బోలెడు. హైడ్రోజనే ముందు అయిపోతుంది, తక్కువుంది కదా.

ఈ తప్పుని నేను బాగా ఎరుగుదును. నేనూ చేశాను, పరీక్షలో. సమీకరణంలో అంకెలు సంఖ్యలు, కాటా చూపేది బరువు. ఒకటి గండాల భాష, ఒకటి కిలోల భాష. మాటల్లో చెప్తే తలూపుతుంది గానీ కళ్ళలో వెలుగు లేదు.

అమ్మ ముందు మూడు కుప్పలున్నాయి. ఒక పణం ఆకులు. ముప్పై వక్కలు. యాభై అరటిపళ్ళు. తాంబూలానికి రెండాకులు, ఒక వక్క, రెండు పళ్ళు. "వీటిలో ఏది ముందు అయిపోతుందే?" అన్నాను. బుజ్జి కుప్పల వంక చూసింది. ఆకులు అన్నీ కలిపినా గుప్పెడు బరువుండవు. అన్నిటికన్నా బరువు అరటిపళ్ళ గంపే.

"వక్కలే కదా, తక్కువున్నాయి." నోట్లోంచి మాట వచ్చాక ఆగింది. వేళ్ళు మడిచింది. ఆకులు నలభై మందికి. వక్కలు ముప్పై మందికి. పళ్ళు... ఇరవై ఐదుకే!

"ఓలమ్మో" అంది మా అమ్మ. రేపు ముప్పై మంది పేరంటాళ్ళని పిలిచి కూర్చుంది.

బుజ్జి మా అమ్మ సంగతి పట్టించుకోలేదు. నోటుబుక్కు లాక్కుంది. ఈ వాయువుల్లో పరమాణువులు జంటలుగా ఉంటాయి కనక నాలుగు గ్రాముల హైడ్రోజన్ని రెండుతో భాగించి రెండు మోల్స్ అంది. పదహారు గ్రాముల ఆక్సిజన్ని 32తో భాగించి అర మోల్ అంది. అర మోల్ ఆక్సిజన్‌కి ఒక్క మోల్ హైడ్రోజనే కావాలి. బరువుగా ఉన్న ఆక్సిజనే ముందు అయిపోయింది. నీళ్ళు ఒక మోల్, 18 గ్రాములు. హైడ్రోజన్ రెండు గ్రాములు మిగులు. కింద గీత గీసి 18కి 2 కలిపింది, 20 వచ్చింది. పైన 4కి 16 కలిపింది, అదీ 20. అలా సరిచూసుకోమని నేను చెప్పలేదు. కొట్లో సాయంత్రం గల్లాపెట్టె సరిచూసుకునే మనిషి మనవరాలు మరి.

ఊపు మీదుందని సున్నం బస్తా లెక్క ఇచ్చాను. మూడు కిలోలు పెరిగింది, ఎంత సున్నం చచ్చినట్టు? 18 కిలోల నీళ్ళకి 56 కిలోల సున్నం, మూడింటికి 9.3 కిలోలు. నా జవాబూ అదే, మధ్యాహ్నమే కట్టి పెట్టుకున్నాను. మిగిలిన నలభై చిల్లర బతికుందని ధైర్యంగా ఉన్నాను.

"గాలి కూడా తాగుంటుంది కదా మావయ్యా?"

నిజమే. వెల్ల వేసిన గోడ గట్టిపడేది అందుకే, బట్టీలో వదిలేసిన కార్బన్ డయాక్సైడ్‌ని గాలిలోంచి మళ్ళీ తాగి రాయి అవుతుంది. తేమ సున్నం బస్తాలోనూ ఆ పని చేస్తుంది. పెరిగిన మూడు కిలోల్లో నీరెంత, గాలెంత? కాటా ఆ ముక్క చెప్పదు. తెలియనివి రెండు, తెలిసిన బరువు ఒకటి. నేను తల గోక్కున్నాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ రెండోది లెక్కలోకి తీసుకోనేలేదు. గడ్డ తీసి చెంబులో వేసి చూడాలి, నాన్నలాగ.

ఈలోగా అమ్మ కేక. "ఒరే, రెండు డజన్లు అరటిపళ్ళు పట్టుకురా, కొట్లు కట్టీగలరు."

"పది చాలు మావయ్యా" అంది బుజ్జి, పుస్తకంలోంచి తలెత్తకుండానే. "ఆ పైన వక్కలు చాలవు."

గొడుగేసుకుని వెళ్ళాను. బజార్లో పదివ్వనన్నాడు, డజనైతేనే ఇస్తానన్నాడు. తెచ్చాను. మిగిలిన రెండూ బుజ్జి తినేసి ఇంటికెళ్ళింది.