గోధుమ మానేశాను, ఇంగువ మానలేదు

గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ జబ్బని తేలేవరకు పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగకపోతే తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాను. ఈ జబ్బులో పెరిగే యాంటీబాడీలను కొలిచే టీటీజీ రక్తపరీక్ష, ఆపైన ఎండోస్కోపీతో చిన్నపేగు ముక్క తీసి చూడటం. ఈ రెండూ అయ్యేదాకా ఎవరూ గోధుమ మానకండి, ముందే మానేస్తే జబ్బు బయటపడకపోవచ్చు. మందంటూ లేదు; గోధుమ, బార్లీ, రై అనే గోధుమలాంటి ధాన్యం జన్మంతా ముట్టకూడదన్నారు.

చిత్తూరు జిల్లాలో రాగి సంగటి తిని పెరిగినదాన్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. చపాతీ, ఉప్మా, సేమియా, మైసూరు బోండా మానేశాను. బార్లీ ఉంటుందని మాల్ట్ పొడి కూడా తీసేశాను.

నెలలు గడిచాక చూస్తే, తగ్గాల్సిన టీటీజీ దాదాపు అక్కడే ఉంది. ఆహార సలహాలిచ్చే మేడమ్ వరండాలో వాళ్లందరికీ వినపడేలా "దొంగచాటుగా చపాతీలు తింటున్నారు కదూ? అబద్ధమాడితే మీకే నష్టం" అన్నారు. కోడలొచ్చిన మనిషిని, నాకు నోట మాట రాలేదు. మా ఆయన కూడా నావైపు అదోలా చూశారు. అది ఇంకా మండింది.

ఇంటికి రాగానే వంటింట్లోని పొట్లాలు, డబ్బాలు అన్నీ కింద పరిచాను. మా కోడలు కళ్లు చికిలించి చిన్న అక్షరాలు చదువుతూ పోయింది. ఇంగువ డబ్బా దగ్గర ఆగి, "అత్తయ్యా, ఇందులో గోధుమపిండి ఉంది" అంది. ఇంగువ ఘాటు తగ్గించడానికి పిండి, జిగురు కలిపి అమ్ముతారట. పప్పు, చారు, పులిహోర, అన్నింట్లోనూ అదే! చిటికెడే కదా అనకండి, డాక్టరుగారు ఆ చిటికెడూ వద్దన్నారు. చపాతీలు కాల్చే పెనం మీద నా దోసె కూడా వద్దన్నారు.

బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి. తర్వాతి పరీక్షలో అంకె దిగింది. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్న నియమంతో అమ్మే ఖరీదైన బిస్కెట్ల జోలికి నేను పోలేదు. బియ్యం, రాగులు, జొన్నలు ఉండగా అవెందుకు? శ్రీవారి లడ్డూ శనగపిండిది కాబట్టి వదల్లేదు. గుడి పులిహోర మాత్రం కళ్లకద్దుకుని మా ఆయన చేతిలో పెడతాను.

ఖాళీ ఇంగువ డబ్బా తీసుకెళ్లి ఆ మేడమ్ బల్ల మీద పెట్టాను. "ఓ, ఇందులోనూ ఉంటుందా" అన్నారు, అంతే. నా తర్వాత లోపలికి వెళ్లొచ్చిన అబ్బాయి చేతిలోని, ఏవేవి తినకూడదో రాసిన కాగితం తీసుకుని చూశాను. ఇంగువ ఊసే లేదు. పెన్ను అడిగి నేనే రాసిచ్చాను.